అప్పు రేపు, అన్నం ఈరోజే

అందరికీ నమస్కారం. మొన్న గురువారం నా కుడిచేతి పిండికట్టు విప్పేశారు. రెండు చేతులతో టైప్ చేస్తున్న మొదటి పోస్ట్ ఇది. ఎవరి గురించి రాయాలో కట్టు ఉండగానే అనుకున్నాను.

లిస్బన్‌లో కాలిబాటలకి తెల్లటి సున్నపురాయి ముక్కలు పేరుస్తారు. ఫోటోల్లో చాలా అందంగా ఉంటాయి. వాన పడితే మాత్రం సబ్బు రాసినట్టే. నేనుండే గ్రాసా పేట కొండ మీద ఉంది, ఎటు వెళ్ళినా ఎక్కడమో దిగడమో. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం దిగుతూ జారాను. పడకుండా చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది.

పడిన చోటికి నాలుగడుగుల దూరంలో ఒక తాష్క ఉంది. తాష్క అంటే మన వీధి చివరి మెస్ లాంటిదనుకోండి. పది బల్లలు, కౌంటర్ దగ్గర పెద్దాయన, వంటింట్లో పెద్దావిడ. ఆ రోజు వంటలు రెండో మూడో చేత్తో కాగితం మీద రాసి తలుపుకి అంటిస్తారు. సూప్, రొట్టె, ప్లేటు నిండా భోజనం, కాఫీ, అన్నీ కలిపి పది యూరోల లోపే. సగం చాలంటే 'మేయ దోజ్' అనాలి, ఆ సగమే నాకు రెండు పూటలు వస్తుంది. కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక మాట: అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి పెడతారు. ఊరికే ఇస్తున్నారనుకుని తింటే బిల్లులో పడుతుంది. వద్దంటే ఏమీ అనుకోకుండా తీసుకెళ్ళిపోతారు.

అప్పటిదాకా నేను అక్కడ తిన్నది మూడు సార్లో నాలుగు సార్లో. అయినా ఆ సాయంత్రం పెద్దాయన నన్ను లోపల కూర్చోబెట్టి, న్యాప్‌కిన్‌లో ఐస్ చుట్టి చేతి మీద పెట్టాడు. రోజూ వచ్చే ఒక తాతగారు, రిటైరైన ట్రామ్ డ్రైవరు, తింటున్న ప్లేటు వదిలేసి నాతో టాక్సీ ఎక్కాడు. ఆస్పత్రిలో రాత్రి పదకొండు దాకా నా పక్కనే కూర్చున్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, నా పోర్చుగీసు అంతంతమాత్రం. అయినా నడిచిపోయింది.

అసలు కష్టం మర్నాడు మొదలైంది. ఎడమచేత్తో తినడం! ఇరవై నాలుగేళ్ళుగా ఆ చేత్తో అన్నం ముట్టుకోలేదు. స్పూన్ పట్టుకున్నా సరే, ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది, మెతుకులన్నీ ఒళ్ళో పడేవి. పెద్దావిడ వంటింటి కిటికీలోంచి చూసింది. ప్లేటు తీసుకెళ్ళి, వేయించిన కారపావ్ చేపల్ని రెండు స్పూన్లతో ముల్లు లేకుండా ఒలిచి, జారుగా ఉండే టమాటా అన్నంలో కలిపి, లోతైన సూప్ గిన్నెలో పెట్టి తెచ్చింది. ఆరు వారాలూ నాకు ఆ గిన్నెలోనే. పంది మాంసం తిననని తెలిశాక నా కాల్దు వెర్ద్ సూప్‌లో సాసేజ్ ముక్క కూడా వెయ్యలేదు.

ఆవిడది అలెంతెజు ప్రాంతం. జ్వరం వచ్చిన రోజు వాళ్ళ ఊరి అసోర్ద చేసిపెట్టింది. వెల్లుల్లి, రాళ్ళ ఉప్పు, కొత్తిమీర రోట్లో వేసి నూరి, ఆలివ్ నూనె పోసి, మరిగే నీళ్ళు గుమ్మరించి, నిన్నటి రొట్టె ముక్కలు తుంపి వేసి, పైన నీళ్ళలో ఉడికించిన గుడ్డు పెట్టడం. అంతే. ఒకప్పుడు ఇంట్లో ఇంకేమీ లేనప్పటి తిండి అని తనే చెప్పింది. కొత్తిమీర కాడలు కూడా పారెయ్యదు, అన్నీ రోట్లోకే. ఆ వాసనకి నాకు సగం జ్వరం తగ్గింది, మిగతా సగానికి పారాసిటమాల్ వేసుకున్నాను.

ఇంకోటి చెప్పాలి. ఒంటిచేత్తో జడ వేసుకోలేం కదా. నా వాలకం రెండు రోజులు చూసి, మూడో రోజు చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని నన్ను వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టింది. పక్కనే బాల్చీలో ఉప్పుచేప నానుతోంది. రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెడితే గానీ దాని ఉప్పు దిగదట. ఆ బాల్చీని వాళ్ళు 'బాల్ద్' అంటారు, మన మాటకి మూలం అదే. ఆవిడ "ఫిల్య", అంటే "అమ్మాయీ", అంటూ జడ బిగించి అల్లేసింది. చాలా బిగుతుగా, మా అమ్మ కంటే ఘోరంగా.

చేతికి కట్టుంటే పార్ట్‌టైమ్ ఉద్యోగం ఎక్కడుంటుంది? రెండో వారానికి డబ్బుల టెన్షన్ మొదలైంది, తాష్కకి వెళ్ళడం మానేశాను. పెద్దాయనే మనిషిని పంపి పిలిపించాడు. కౌంటర్ వెనక గోడ మీద ఒక పలక ఉంటుంది: ఈరోజు అప్పు లేదు, రేపు ఇస్తాం. అచ్చం మన కిరాణా కొట్లో 'అప్పు రేపు' బోర్డే! దాని కిందే నిలబడి, బల్ల మీద పరిచిన కాగితం మీద ఆ పూట లెక్క రాసి, చింపి సొరుగులో వేశాడు. ఆ కాగితాన్ని 'తువాల్య' అంటారు, మన తువ్వాలు. తర్వాత ఆ చీటీలన్నీ కూడితే నేను తిన్నదానికంటే చాలా తక్కువొచ్చింది. అడిగితే "నా చేతిరాత బాగోదులే" అన్నాడు.

హోటల్ పేరు రాయమని అందరూ అడుగుతారని తెలుసు. ఆయనే వద్దన్నాడు. 2012లో అద్దె చట్టం మారాక ఊళ్ళో పాత కొట్లు చాలా మూతపడ్డాయి, మిగిలినవాటిలో కొన్నింటి ముందు టూరిస్టుల క్యూలు. "మా ముసలాళ్ళకి కుర్చీ దొరకదు" అన్నాడు. నిజమే కదా.

పెద్దాయనకీ, పెద్దావిడకీ, ట్రామ్ తాతగారికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆస్పత్రి కాగితాలు ఫోన్లో చదివి అర్థం చెప్పిన తెలుగు అక్కకి కూడా.

కట్టు విప్పిన రోజు అమ్మ ఖమ్మం నుంచి పంపిన ఆవకాయ సీసా పట్టుకెళ్ళాను. పెద్దాయన ఆలివ్ కాయలాగే ఉంటుందనుకుని ముక్క మొత్తం నోట్లో వేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయని మా దేశానికి తెచ్చింది మీ ఓడలేనండీ అన్నాను. "మా తాతలు చేసిన తప్పు" అన్నాడు దగ్గుతూ. పెద్దావిడ ఏమీ మాట్లాడలేదు. రొట్టె ముక్కతో ఊట అద్దుకుని తిని, ఇంకోసారి అద్దుకుని, సీసా మూత పెట్టి లోపల షెల్ఫ్‌లో పెట్టేసుకుంది.

అమ్మా, ఇంకో సీసా పంపించు.