బోధన మార్చమన్నారు, పరీక్ష మార్చలేదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కరించి రాయునది. నేను హైస్కూలు పిల్లలకు దీనియాత్, అంటే ఇస్లాం మత పాఠాలు, చెప్పే టీచరును. నాలాంటి టీచర్లంతా సంతకాలు చేసి మీ కార్యాలయానికి పంపిన వినతిపత్రాలన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది: ‘పరిశీలనలో ఉంది’. ఇంతకాలంగా పరిశీలిస్తున్నారంటే ఈ విషయంలో ఎంత లోతుందో మాకే సరిగా తెలియదేమోనని అనుమానం వస్తోంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కొత్త బోధనా విధానం సర్క్యులర్ గురించి మీకు నేను చెప్పేదేముంది, అది వచ్చిందే మీ సంతకంతో. బట్టీ తగ్గించండి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి, చర్చ పెట్టండి, వాళ్ల జీవితంలో ఎదురయ్యే సమస్యలతో పాఠాన్ని కలపండి అన్నారు. చదివి నిజంగానే సంతోషించాం. మాలో చాలామంది ఎప్పటినుంచో ఇదే కోరుకుంటున్నారు. దాంతోపాటు శిక్షణ ఇస్తామన్నారు, టీచరు హ్యాండ్‌బుక్ పంపుతామన్నారు, ప్రశ్నపత్రం మారుస్తామన్నారు.

శిక్షణ ఇచ్చారు. ఒక పూట. చర్చా పద్ధతి గొప్పదనం మీద వచ్చినాయన గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసం ఇచ్చి, చివర్లో ప్రశ్నలకు టైమ్ లేదని వెళ్లిపోయారు. స్లైడ్లలో ఉదాహరణలన్నీ సైన్సు పాఠాలవే. మా సబ్జెక్టులో ఇవన్నీ ఎలా చెయ్యాలని ఒకరు లేచి అడిగితే ‘మీకు తగ్గట్టు మార్చుకోండి’ అన్నారు. అయినా మార్చుకున్నాం. హ్యాండ్‌బుక్ ఇంతవరకు రాలేదు. ఇవి రెండూ పోనిద్దాం. రానిదాని కోసం ఎదురుచూడటం టీచర్లకు అలవాటే.

నా బాధంతా ప్రశ్నపత్రం గురించి.

మీ పుస్తకంలో దేవదూత జిబ్రీల్ హదీసు పాఠం ఉంది. హదీసు అంటే ప్రవక్త మాటల, చేతల కథనం. ప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరులతో కూర్చుని ఉండగా ఎవరికీ తెలియని ఒక మనిషి వచ్చి, మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చుని, ఇస్లాం అంటే ఏమిటి, ఈమాన్ అంటే ఏమిటి, ఇహ్సాన్ అంటే ఏమిటి అని ఒక్కొక్కటే అడుగుతాడు. ఆయన వెళ్లిపోయాక ప్రవక్త, ‘వచ్చింది జిబ్రీల్, మీకు మీ ధర్మం నేర్పడానికి వచ్చారు’ అంటారు. నేర్పడానికి వచ్చిన ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు సార్, ప్రశ్నలు అడిగారు. ఈ పాఠం మీద మా పిల్లలకు వచ్చిన ప్రశ్న ఏమిటో తెలుసా? ‘జిబ్రీల్ ధరించిన దుస్తుల రంగు ______’. తెలుపు అని రాస్తే ఒక మార్కు. ఇహ్సాన్ అంటే అల్లాహ్‌ను చూస్తున్నట్టుగా ఆరాధించడం అని ఆ హదీసులోనే ఉంది. ఎవరూ చూడని చోట ఆ మాటకు విలువేమిటని తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగితే పీరియడ్ సరిపోదు. నేను అడిగాను. కాపీ కొట్టడం దగ్గర మొదలై ఫోన్లో ఒంటరిగా ఉన్నప్పుడు చూసే వీడియోల దాకా వెళ్లింది మాట. ఆ చర్చకు ప్రశ్నపత్రంలో చోటు లేదు. దుస్తుల రంగుకు ఉంది.

జకాత్, అంటే స్థోమత ఉన్న ముస్లిం ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం, ఆ పాఠం సంగతి వినండి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పరీక్షలో ఏటా వచ్చేవి మూడు. జకాత్ ఎంత శాతం? రెండున్నర. బంగారంలో నిసాబ్, అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస పరిమాణం, ఎంత? సుమారు 85 గ్రాములు. జకాత్ ఎవరికి చెందుతుంది? ఎనిమిది వర్గాల వారికి, వరుసగా రాయాలి. వరుస తప్పితే మార్కు పోతుంది. ఆ వరుసలో అప్పుల పాలైనవాళ్లు కూడా ఉన్నారు. వరుస తప్పకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న కుర్రాణ్ణి, మీ వీధిలో వైద్యానికి అప్పు చేసి తీర్చలేకపోతున్నాయనకు జకాత్ ఇవ్వొచ్చా అని అడిగితే, అది పాఠంలో లేదు సార్ అన్నాడు. ఉంది. వాడి చేతిరాతతో వాడి జవాబుపత్రంలోనే ఉంది.

మీ సర్క్యులర్ మాట విని నేనొక సమస్య ఇచ్చాను. ఒకామె దగ్గర 100 గ్రాముల బంగారం ఉంది. అందులో 30 గ్రాములు రోజూ వేసుకునే నగలు. భర్తకు అప్పులున్నాయి. ఏడాది గడిచింది. జకాత్ ఎంత? క్లాసు రెండుగా చీలిపోయింది. వేసుకునే నగలకు కూడా ఉంటుందని కొందరు, ఉండదని కొందరు. రెండు వైపులా పెద్ద పండితులైన ఇమాములు ఉన్నారు: సున్నీల నాలుగు మజ్‌హబ్‌లలో (ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో) హనఫీలో ఉంటుంది, మిగతా మూడు మజ్‌హబ్‌లలో ఎక్కువమంది అభిప్రాయం వాడుకునే నగలకు ఉండదని. మొదటి లెక్కన రెండున్నర గ్రాములు ఇవ్వాలి. రెండో లెక్కన మిగిలిన 70 గ్రాములు నిసాబ్‌కే చేరవు, ఇవ్వాల్సిందేమీ లేదు. ఇక భర్త అప్పు. దాన్ని భార్య బంగారంలోంచి తీసేయాలని అబ్బాయిలు లెక్క కట్టేశారు. ఆమె సొమ్ము ఆమెదే, అతని అప్పు అతనిదే అని ఫిఖ్ (ఇస్లామీయ ధర్మశాస్త్రం) చెబుతుందని అమ్మాయిలు నిలబడి వాదించి గెలిచారు. ఏడాది అంటే చాంద్రమానమా, గోడమీద క్యాలెండరా అని మరొకరు. చంద్రుడి ఏడాది సుమారు 354 రోజులు, పదకొండు రోజులు తక్కువ. మామూలు క్యాలెండరు చూసి ఇచ్చేవాళ్లు 33 ఏళ్లకు ఒక ఏడాది జకాత్ ఎగ్గొట్టినట్టే అని ఒకమ్మాయి వెనక బెంచీలో కూర్చుని కట్టిన లెక్క అది. లెక్కల మాస్టారికి చూపిస్తే ఆయన మళ్లీ కట్టి చూసి సరిపోయిందన్నారు.

ఆ అమ్మాయే పరీక్షలో ‘నగల మీద జకాత్ ఉందా?’ అన్న ప్రశ్నకు రెండు అభిప్రాయాలూ రాసింది, ఎవరు ఏమన్నారో రాసింది, తనకు ఏది సరైందనిపించిందో, ఎందుకో రాసింది. మీ జవాబుల కీలో ఒకటే మాట ఉంది: ‘ఉంది’. దిద్దినాయన ఆమెకు సగం మార్కులు కోసి, పక్కన ‘అనవసరం’ అని రాశారు. ఆయన్ను నేను తప్పుపట్టను, కీ ప్రకారమే దిద్దాలని ఆర్డరు. పాఠాన్ని అర్థం చేసుకున్నందుకు ఆ పిల్లకు పడిన శిక్ష అది. ‘సార్, పరీక్షకు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాస్తాను’ అని నాతో చెప్పింది. ఆ మాటకు నేనేం జవాబు చెప్పాలో మీరు సెలవియ్యండి.

ఇంతలో తనిఖీకి వచ్చారు. జకాత్ పాఠానికి నాలుగు పీరియడ్లు ఎందుకు తీసుకున్నావని అడిగారు. మీ సర్క్యులర్ చూపించాను. ‘అదంతా సరే, సిలబస్ వెనకబడింది కదా’ అని రిజిస్టర్లో రాసి వెళ్లారు. చర్చ పెట్టకపోతే సర్క్యులర్ ధిక్కరించినట్టు, పెడితే సిలబస్ ఎగ్గొట్టినట్టు.

బట్టీ మొత్తం చెడ్డదని నేననడం లేదు. ఈ మాట మీ దగ్గర పనిచేసే నిపుణులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఖురాన్ పారాయణం నోటినుంచి నోటికే వస్తుంది. ఉస్తాద్ చదువుతాడు, పిల్లవాడు విని తిరిగి చదువుతాడు, తప్పు వస్తే అక్కడే ఆపి సరిచేస్తాడు. అరబీ అక్షరాలు ‘ఖాఫ్’కూ ‘కాఫ్’కూ గొంతులో తేడా ఏమిటో పుస్తకం చూస్తే రాదు, విని పలికితేనే వస్తుంది. కాబట్టి తజ్వీద్‌కు, అంటే సరైన ఉచ్చారణతో ఖురాన్ చదవడానికి, గ్రూప్ వర్కూ ప్రాజెక్టులూ అక్కర్లేదు, ఒక్కొక్కరినీ వినే టైమ్ కావాలి. నా క్లాసులో యాభై మంది. పీరియడ్ నలభై నిమిషాలు. తలా 48 సెకన్లు, అదీ హాజరు వేయకుండా ఉంటే. ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా సూరా నెమ్మదిగా చదివి ఒక్క తప్పు సరిచేయించుకోవడానికే అది చాలదు. ఆ పీరియడ్ కూడా రోజులో ఆఖరిది, పరీక్షలు దగ్గర పడితే లెక్కలవాళ్లకు అప్పజెప్పేది. బట్టీ అవసరమైన చోట టైమ్ ఇవ్వరు, అక్కర్లేని చోట పరీక్ష పెడతారు.

నమాజ్ పాఠమూ అంతే. ఒకాయన మసీదులో హడావిడిగా నమాజ్ చేసి వస్తే ప్రవక్త ‘వెళ్లి మళ్లీ చెయ్యి, నువ్వు నమాజ్ చెయ్యలేదు’ అని మూడుసార్లు వెనక్కి పంపారు. చివరికి ఆయనే, ఇంతకంటే బాగా నాకు రాదు, నేర్పండి అని అడిగాకే నేర్పారు. మా ప్రాక్టికల్ మార్కులు పిల్లవాడు ఒక్కసారైనా నమాజ్ చేసి చూపించకుండానే రిజిస్టర్లోకి ఎక్కుతున్నాయి.

ధర్మం విషయంలో పిల్లలు ప్రశ్నలు వేస్తే మర్యాద పోతుందని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. మా తోటి ఉస్తాదుల్లోనూ ఉన్నారు, కాదనను. వాళ్లను ఒప్పించడం మా పని, మీది కాదు. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 14వ శతాబ్దంలోనే రాశారు: పాఠశాలల్లో ఏళ్ల తరబడి నోరు మెదపకుండా కూర్చుని అవసరానికి మించి బట్టీపట్టిన విద్యార్థులకు విద్యలో పట్టు చిక్కడం లేదని, అది చర్చతో, వాదనతోనే వస్తుందని. పిల్లల మీద కాఠిన్యం చూపితే వాళ్లు అబద్ధాలకూ నటనకూ అలవాటు పడతారని కూడా ఆయనే హెచ్చరించారు. ఇబ్న్ ఖల్దూన్ మీద మా పుస్తకంలో అరపేజీ ఉంది. పరీక్షలో ఆయన పుట్టిన ఊరు అడుగుతారు. ట్యూనిస్.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు వీళ్లు. వడ్డీ గురించి, ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు గురించి, వేరే మతం స్నేహితుల గురించి, ఒక్కోసారి దేవుడి గురించే ప్రశ్నలు వేస్తారు. క్లాసులో జవాబు దొరక్కపోతే వాళ్లేం ఊరుకోరు, ఫోన్లో వెతుకుతారు. అక్కడ ఎవడు కనిపిస్తే వాడే ఉస్తాద్. ఆ జవాబులు పట్టుకుని సోమవారం క్లాసుకు వస్తే వాటిని సరిదిద్దడానికి మళ్లీ నాకు ఉన్నది నలభై నిమిషాలే. దీని గురించి మీ శాఖలో ఎవరికైనా టెన్షన్ ఉందా?

మేం అడిగేది పెద్దదేమీ కాదు సార్. ప్రశ్నపత్రం మార్చండి. పూర్తిగా కాకపోతే కొంతైనా. పిల్లవాడు ఆలోచించి రాసింది చదివి మార్కులు వేసే వెసులుబాటు దిద్దేవాళ్లకు ఇవ్వండి, కీలో ‘తగిన ఆధారంతో రాసిన ఇతర జవాబులు కూడా’ అని ఒక్క లైను చేర్చినా చాలు. పారాయణానికి చిన్న బ్యాచ్‌లు పెట్టనివ్వండి. శిక్షణ ఇస్తే మా సబ్జెక్టు తెలిసినవాళ్లతో ఇప్పించండి, ఒక పూటతో సరిపెట్టకండి. హ్యాండ్‌బుక్ ఎప్పుడొస్తుందో చెప్పండి. తనిఖీకి వచ్చేవాళ్లకు మీ సర్క్యులర్ కాపీ ఒకటి ఇచ్చి పంపండి, పాపం వాళ్లు చదివినట్టు లేదు. అన్నిటికంటే ముందు ప్రశ్నపత్రం మార్చండి. ఇది ముందే అడిగానని తెలుసు, ఇంతకుముందు వినతిపత్రాల్లోనూ అడిగాం. మీరు మార్చేదాకా అడుగుతూనే ఉంటాం.

వచ్చే పరీక్షకు పేపరు తయారుచేసే కమిటీ త్వరలో కూర్చుంటుందని విన్నాను. పిల్లల చేత ప్రశ్నలు అడిగించే టీచర్లను ఇద్దరినైనా అందులో వేయండి. ఆ కుర్చీల్లో మేమే కూర్చోవాలని లేదు, ఎవరినైనా సరే. దయచేసి ఈ లేఖకు జవాబుగా మరో సర్క్యులర్ మాత్రం పంపకండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక దీనియాత్ టీచరు