అది విషకప్ప కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో స్నానాల గదిలో దొరికిన 'వింత విషకప్ప' ఫొటో వేశారు. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు.

అది వింతా కాదు, విషమూ లేదు. మన ఇళ్లలో తిరిగే మామూలు చెట్టుకప్ప. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే దాన్ని 1830లోనే వర్ణించాడు. ఇప్పటి శాస్త్రీయనామం పాలీపెడేటస్ మాక్యులేటస్. మీ ఫొటోలోనే గుర్తులన్నీ ఉన్నాయి. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు చూడండి, నున్నటి గోడ ఎక్కేది వాటితోనే. తొడల వెనక ముదురు రంగు మీద పసుపు చుక్కలుంటాయి. ముడుచుకు కూర్చుంటే కనబడవు, కాలు చాపితేనే బయటపడతాయి. ఆ చుక్కలు చూసే విషమని రాసేశారు! ఆడది మగదాని కంటే పెద్దది, అదైనా అరచేతిలో ఇమిడిపోతుంది. కోరల్లేవు. రాత్రి దీపం దగ్గర పురుగుల్ని తిని పోతుంది.

గుణుపురం దగ్గర పల్లె మాది. మొన్న తొలకరికి ఇలాంటి కప్పే ఒకటి మా పెరటి కుండీ లోగోడకి, నీళ్లకి జానెడు పైన, తెల్లటి నురగ ముద్ద పెట్టింది. ఒంట్లోంచి వచ్చే ద్రవాన్ని వెనక కాళ్లతో చిలికి నురగ చేసి, అందులో గుడ్లు పెడుతుంది. పైన ఎండి గట్టిపడినా లోపల తడి ఆరదు. కొన్నాళ్లకి ముద్ద కరిగి తోకకప్పలు నీళ్లలోకి జారతాయి. మా మనవరాలు రోజూ పీట వేసుకుని తొంగి చూసేది. ఇంతలో దోమల నివారణ అంటూ పంచాయతీ వాళ్లు వచ్చారు. సబ్బు నురగ అనుకుని చీపురుతో గీకేసి, బ్లీచింగ్ చల్లారు. వద్దు బాబూ అని మొత్తుకున్నా వినలేదు. మురుగు కాలవ తీయమని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాం, దానికి మాత్రం మనిషి రాడు.

మా పిల్లలు బళ్లో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరం కూడబలుక్కునేది మీ పత్రికలోనే. మీరు విషమన్నాక మా వీధిలో రెండు కప్పల్ని కర్రలతో కొట్టి చంపారు. అందులో ఒకటి మా మనవరాలు చంపింది. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. ఆ పిల్లకి నేనే చదివించాలి.

ఒక పాఠకుడు,
రాయగడ జిల్లా, ఒడిశా