బెన్‌ను చంపింది శవాలు కాదు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందటి మీ ఆదివారం అనుబంధంలో భయానక చిత్రాల మీద వచ్చిన వ్యాసానికి ఈపాటికి సవరణ వేస్తారని ఎదురుచూశాను. నిన్నటి సంచికలోనూ ఒక్క ముక్క కనబడలేదు కనుక ఈ ఉత్తరం రాయవలసి వస్తోంది. జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ కథ చెబుతూ మీ వ్యాసకర్త, చివరికి కథానాయకుడు కూడా లేచివచ్చిన శవాలకు ఆహారమైపోతాడని రాశారు. ఇది తప్పు, ఆ సినిమా ప్రాణాన్నే తీసేసిన తప్పు.

ఆ కథానాయకుడి పేరు బెన్. ఆ పాత్ర వేసిన డ్యూయేన్ జోన్స్ నల్లజాతి నటుడు. ఈ సంగతి మీ వ్యాసంలో ఒక్కచోటైనా లేదు. బెన్ రాత్రంతా ఊరికి దూరంగా ఉన్న ఇంట్లో తలుపులకూ కిటికీలకూ చెక్కలు కొట్టి, తోటివారిని కాపాడాలని చూసి, అందరూ పోయాక నేలమాళిగలో ఒక్కడే ప్రాణాలు దక్కించుకుంటాడు. తెల్లవారుతుంది. కుక్కల అరుపులు, తుపాకుల మోత, మనుషుల అలికిడి విని మెల్లగా పైకి వచ్చి కిటికీలోంచి చూస్తాడు. శవాలను మట్టుపెడుతూ వస్తున్న షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) దండులోని మనిషి అతడి తలకు గురిపెట్టి కాలుస్తాడు. అక్కడితో కదిలే బొమ్మ ఆగిపోయి, పత్రికలో అచ్చయిన ఫొటోల వంటి మసక చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి: చేతుల్లో కొక్కేలు, ఈడ్చుకుపోతున్న దేహం, కట్టెల కుప్ప. నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసి, ఆ పక్కనే నిలబడి ఫొటోలు దిగిన చరిత్ర ఉన్న దేశంలో ఆ చిత్రాలు దేన్ని గుర్తుచేస్తాయో వేరే చెప్పనక్కరలేదు. మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన ఏడాదే ఆ సినిమా విడుదలైంది. వచ్చినవాళ్ళలో జోన్స్ బాగా చేశాడు కనుకనే తీసుకున్నానని రొమేరో చెబుతూ వచ్చాడు. ఆ మాట నేను నమ్ముతాను. అయినా తెర మీద కనబడేది కనబడుతూనే ఉంటుంది.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది ఆ పేజీ మూలన వేసిన బాక్స్ ఐటమ్. గుంపులో నల్లవాడుంటే ముందు పోయేది వాడేనని రాసి, పక్కన నవ్వు ముఖం బొమ్మ వేశారు. నిరుడు వేసవి సెలవుల్లో పదమూడేళ్ళ మా మనవడితో కలిసి తెలుగులోకి డబ్బింగయిన ఒక దెయ్యం సినిమా చూశాను. నల్లజాతి కుర్రాడు కారు దిగాడో లేదో, మావాడు ‘వీడు అయిపోయాడు తాతయ్యా’ అన్నాడు. నీకెలా తెలుసురా అంటే, ‘వాళ్ళే కదా ముందు చచ్చిపోయేది’ అని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పి మళ్ళీ జంతికల గిన్నెలో చెయ్యి పెట్టాడు. అరగంట తిరగకుండానే వాడన్నట్టే అయింది. ఆ చావుకు వాడు ఉలిక్కిపడనైనా లేదు. నాకు భయం వేసింది అక్కడే.

‘ద షైనింగ్’ (1980) గురించి మీ వ్యాసంలో అరపేజీ ఉంది, వంటమనిషి హాలొరాన్ మాత్రం లేడు. పిల్లవాడు ఆపదలో ఉన్నాడని తెలిసి ఆ నల్లజాతి మనిషి ఎక్కడో ఫ్లోరిడా నుంచి బయల్దేరి, మంచుతుపానులో పడి వస్తాడు. హోటల్లో అడుగుపెట్టిన కాసేపటికే గొడ్డలి వేటుకు కూలిపోతాడు. ఆ పిల్లవాడి తండ్రి జాక్ గొడ్డలికి ఆ సినిమాలో బలయ్యేది అతనొక్కడే. స్టీఫెన్ కింగ్ నవలలో హాలొరాన్ బతుకుతాడని తెలిసినప్పుడు, సినిమాకు అతడి చావు ఎందుకు కావలసివచ్చిందని అడగాలా వద్దా?

2017లో జోర్డన్ పీల్ తీసిన ‘గెట్ అవుట్’ను మీవారు ‘మంచి థ్రిల్లర్’ అని ఒక్క ముక్కలో సరిపెట్టారు. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి రచయిత పీల్. దాని చివర, చావు తప్పించుకుని రోడ్డు మీదికి వచ్చిన నల్లజాతి కథానాయకుడు క్రిస్‌కు పోలీసు బండి దీపాల వంటివి కనబడతాయి. అతను చేతులు పైకెత్తుతాడు. వేరే ఏ సినిమాలోనైనా తెల్లవారడం, పోలీసులు రావడం అంటే గండం గడిచిందని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. నల్లవాడు కథానాయకుడైతే అసలు భయం అక్కడే మొదలవుతుంది. వచ్చింది స్నేహితుడని తేలాక కానీ మనకు ప్రాణం కుదుటపడదు. పీల్ మొదట క్రిస్ జైలుపాలయ్యే ముగింపు తీసి, తరువాత మార్చాడు. బెన్ ఎలా చనిపోయాడో తప్పుగా రాసినవారికి ఈ రెండు ముగింపుల మధ్య ఉన్న నలభై తొమ్మిదేళ్ళ లంకె ఎలా అందుతుంది?

డ్యూయేన్ జోన్సే నటించిన ‘గాంజా అండ్ హెస్’ను 1973లో బిల్ గన్ తీశాడు. ఒక విమర్శకుడు ఇరవై నిమిషాలు చూసి లేచిపోయి సినిమా మొత్తం మీద సమీక్ష రాశాడని, గన్ న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాశాడు. మన పత్రికల సినిమా పేజీలకు ఇప్పుడు ఆ ఇరవై నిమిషాలు కూడా దొరకడం లేదు. ఏజెన్సీ కాపీని హడావిడిగా తెలుగు చేయడం, పేర్లు ఇష్టం వచ్చినట్టు రాయడం, ఫొటో కింద మరెవరి పేరో వేయడం మామూలైపోయింది. ముప్పై ఏళ్ళుగా మీ పత్రిక తెప్పించుకుంటున్నాను. ఒకప్పుడు అక్షరదోషానికి కూడా మర్నాడు సవరణ వేసేవారు. ఒంటి రంగును హాస్యసన్నివేశాలకు వాడుకునే జబ్బు మన తెలుగు సినిమాలకూ ఉంది. దానికి పత్రికలు కూడా తోడైతే మా మనవడి వయసు పిల్లలకు మరో మాట చెప్పేదెవరు?

బెన్‌ను చంపింది శవాలు కాదనీ, షెరీఫ్ వెంట వచ్చిన తుపాకీ మనిషనీ, బెన్ నల్లజాతివాడనీ వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ బాక్స్ ఐటమ్ ఇంకా మీ వెబ్‌సైటులో ఉంది. దాన్ని కూడా తీసివేయండి.

— విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ