వార్షిక నివేదిక: ఇప్పుడు లేని కట్టడాల్లో పిల్లల నడక

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెలవారీ ఉపన్యాసాలు, గ్రంథాలయ నిర్వహణ ఈ ఏడాది ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారి విడిగా జతచేశారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు వర్చువల్ రియాలిటీ తరగతులకు, అంటే పిల్లలు కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుని ఇప్పుడు లేని కట్టడాల్లో నడిచినట్టు చూసే తరగతులకు ఇస్తున్నాను. ఈ ఏడాది మనం ఎక్కువ శ్రమపడిందీ, ఎక్కువ నేర్చుకున్నదీ అక్కడే.

మొదట మన పొరపాటు చెప్పాలి. సిరియాలోని పాల్మిరాలో క్రీ.శ. 32లో అంకితం చేసిన బేల్ దేవాలయం ఉండేది. 2015 ఆగస్టులో దాన్ని పేల్చివేశారు. గర్భగుడి ద్వారం మాత్రం ఒంటరిగా నిలిచి ఉంది. మనం తయారుచేసిన త్రీడీ నమూనాలో, లోపల బోసిగా ఉందనిపించి నాలుగు కంచు దీపాలు వేలాడదీశాం. తరగతి అయ్యాక పిల్లల్ని బొమ్మలు గీయమన్నాం. ఇంచుమించు ప్రతి బొమ్మలోనూ ఆ దీపాలున్నాయి. ఒక పాప తన బొమ్మ కింద ‘గుడిలో నాలుగు దీపాలు ఉండేవి’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ దీపాలకు మన దగ్గర ఏ ఆధారమూ లేదు. పుస్తకంలో చదివిన మాటను పిల్లలు మరిచిపోవచ్చు. హెడ్‌సెట్ పెట్టుకుని తలెత్తి చూసిన దీపాన్ని మాత్రం మరిచిపోరు. ఆ బొమ్మను చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కార్యవర్గం ఆ నమూనాను వెంటనే ఆపించి, మళ్ళీ మొదటి నుంచి కట్టించింది. పునర్నిర్మాణ చిత్రం దేన్ని చూపుతోందో, అంటే ఉన్నదాన్నా, ఆధారంతో పూరించినదాన్నా, ఊహనా అన్నది చూసేవారికి స్పష్టంగా తెలియాలని, కంప్యూటర్‌తో చేసే ఇలాంటి చిత్రాల కోసం రాసిన నియమావళి, 2009 నాటి లండన్ చార్టర్ చెబుతుంది. మనం దాన్నే నియమంగా పెట్టుకున్నాం. ఫోటోలు, కొలతలు ఉన్న భాగాలకు అసలు రాతి రంగు. అదే కాలపు ఇతర కట్టడాలను బట్టి పూరించిన భాగాలకు వెలిసిన రంగు. ఉత్త ఊహ అయితే చెక్కడం లేని బూడిదరంగు దిమ్మె. దీపాలు తీసేశాం.

కొత్త నమూనాలో పిల్లలు మొదట ఈనాటి శిథిలాల మధ్య, ఆ ఒంటి ద్వారం ముందు నిలబడతారు. చేతిలోని మీట నొక్కితే దాని చుట్టూ గోడలు లేస్తాయి. 1751లో అక్కడికి వెళ్ళిన బ్రిటిష్ యాత్రికుడు రాబర్ట్ వుడ్ బృందం కొలతలు తీసుకుని, 1753లో చిత్రాలతో సహా అచ్చువేసింది. గోడ మీద వేలు చూపితే దానికి ఆధారమైన చిత్రమో ఫోటోనో పక్కన తెరుచుకుంటుంది. పిల్లలు ఇప్పుడు గోడల కంటే ఆ పాత చిత్రాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు.

రెండో నమూనా అమరావతి మహాస్తూపం. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మొదటిసారి చూసేనాటికే అక్కడి రాళ్ళు తరలిపోతున్నాయి. 1816లో ఆయన బృందం గీసిన చిత్రాలు మనకు పెద్ద ఆధారం. ఈ స్తూపానికి ఒక విశేషముంది. దాని మీది పలకల్లోనే స్తూపం బొమ్మ చెక్కి ఉంది! అలాంటి పలకలు ఈనాడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, చెన్నై మ్యూజియంలోనూ ఉన్నాయి. శిల్పి ఉన్నది ఉన్నట్టు చెక్కాడా, ఉండవలసిన తీరులో చెక్కాడా? ఈ ప్రశ్న మీద పిల్లలు గంటసేపు వాదించుకున్నారు. తీర్పు చెప్పకుండా అండాన్ని, అంటే స్తూపపు గుండ్రటి గుమ్మటాన్ని, వెలిసిన రంగులోనే ఉంచాం.

మూడోది లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే ప్రదర్శన భవనం. 1851లో హైడ్ పార్కులో ఇనుము, గాజులతో లేచి, తర్వాత సిడెన్‌హామ్‌కు తరలి, 1936 నవంబరు 30న కాలిపోయింది. 563 మీటర్ల పొడవంటే ఏమిటో పిల్లలకు నడిస్తేనే అర్థమైంది. పార్కులోని ఎల్మ్ చెట్లను కొట్టకుండా వాటిపైనే కప్పు వేసిన చోట అందరూ ఆగిపోయారు.

ఆరోగ్య విషయంలో రాజీ పడలేదు. కళ్ళు నడుస్తున్నామంటాయి, లోపలి చెవి కదలడం లేదంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే కడుపులో తిప్పుతుంది. కాబట్టి నమూనాలో జారుతూ నడిచే పద్ధతి మానేసి, ఎంచుకున్న చోటికి ఒక్కసారిగా చేరే పద్ధతి పెట్టాం. ఒక విడత పది నిమిషాలే. కటకాల మధ్య దూరాన్ని ఎవరి కళ్ళకు తగ్గట్టు వారికి సరిచేస్తున్నాం. తయారీదారులు చెప్పిన వయసుకు లోపు పిల్లలకు హెడ్‌సెట్ ఇవ్వడం లేదు, వారు అదే నమూనాను పెద్ద తెర మీద చూస్తున్నారు. ఈ తేడా వారికి కష్టంగానే ఉంది, అయినా సడలించం.

వచ్చే ఏడాదికి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దీపస్తంభం (ఓడలకు దారి చూపిన ప్రాచీన లైట్‌హౌస్) అనుకుంటున్నాం. నాణేల మీది బొమ్మలు, అరబ్బు యాత్రికుల వర్ణనలు, సముద్రగర్భంలో దొరికిన రాళ్ళు తప్ప దానికి పెద్దగా ఆధారాల్లేవు. కనుక ఒకే రూపం కాక మూడు రూపాలు పక్కపక్కన కట్టాలని, ఏ రూపానికి ఏది ఆధారమో పిల్లలే వెతికి రాయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో దీన్ని ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి