లాట్ 112 గురించి మా ఖాతాదారులకు

ఏడాదికి రెండుసార్లు మీకు పంపే స్టాంపుల వేలం జాబితా ఈసారి దసరాకు రాదు. ఆలస్యానికి కారణమేమిటని అడిగిన ఇద్దరు ముగ్గురికి అచ్చుపని ఆగిందని చెప్పాను. అది నిజం కాదు, అలా చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను. అసలు కారణం గత జాబితాలో 112వ అంకెతో వేలానికి పెట్టిన వస్తువు, అంటే లాట్ 112. దానిని 'నాలుగు మూలలూ చెక్కుచెదరని, చదరంగా కత్తిరించిన స్టాంపు, కవరు ముక్కపై' అని వర్ణించింది నేనే. అందులో స్టాంపూ, కవరు ముక్కా తప్ప మిగిలినదేదీ నిజం కాదని తేలింది.

అది 1854 నాటి నాలుగు అణాల స్టాంపు. మన బృందంలో కొత్తగా చేరినవారి కోసం కాస్త వివరంగా చెబుతాను. ఈ స్టాంపులను కలకత్తాలోని సర్వే కార్యాలయంలో, కెప్టెన్ థుయిలియర్ పర్యవేక్షణలో రాతి అచ్చు పద్ధతిలో ముద్రించారు. ఎర్ర చట్రాన్ని ఒకసారి, నీలి రంగులో విక్టోరియా రాణి తలను మరోసారి అచ్చువేశారు. ఆ రెండింటి మధ్య కాగితం తిరగబడినందువల్లనే, రాణి తల తలకిందులైన ప్రసిద్ధమైన తప్పు ముద్రణ పుట్టింది. చట్రం ఎనిమిది కోణాలది కనుక దాని వెలుపల నాలుగు మూలల్లోనూ ఉండేది ఖాళీ కాగితమే. అప్పటికి మన స్టాంపులకు చిల్లులు లేవు, కత్తెరతో వేరుచేసుకోవలసిందే. కత్తెర పట్టినవారిలో చాలామంది అందం కోసమో, తొందరలోనో మూలలు కూడా తీసేసి ఎనిమిది కోణాల చట్రం వెంబడే కత్తిరించారు. ఈ రోజున అలాంటి ప్రతులే ఎక్కువగా దొరుకుతాయి, తలకిందుల తల స్టాంపులు కూడా అధికభాగం అలా కత్తిరించినవే. మూలలతో సహా మిగిలిన స్టాంపుకు వేలంలో పలికే ధరలో, మూలలు పోయినదానికి పదో వంతు వచ్చినా గొప్పే. ఆ తేడా అంతా ఏమీ ముద్రించని నాలుగు చిన్న త్రికోణాల కాగితానిది. మోసగాడు బొమ్మ గీయనక్కరలేదు, రంగు కలపనక్కరలేదు, పాత కాగితం సంపాదించి అతికిస్తే చాలు.

ఇదంతా నాకు తెలియనిది కాదు. 1993లో కడపలో దుకాణం తెరిచిన నాటి నుంచి, నాలుగు అణాల స్టాంపు తెచ్చి చూపిన ప్రతివారికీ ఈ పాఠం చెబుతూనే ఉన్నాను. చెప్పే నోటికి చూసే కన్ను తోడు రాలేదు.

ఆ స్టాంపును నాకు అమ్మినది బయటి ఊరి వ్యాపారి. పద్దెనిమిదేళ్లుగా ఆయన దగ్గర సరుకు కొంటున్నాను, ఒక్కసారీ మాట పడలేదు. అందుకే ఆయన ఇరవై తొమ్మిది వేలు అడిగితే బేరమాడకుండా ఇచ్చాను. స్టాంపు ఉత్తరపు కవరు ముక్కకు అంటుకుని ఉంది కనుక వెనుకవైపు చూసే వీలు లేదు, కాగితం తయారీలోనే దానిలో పడే గుర్తును, అంటే వాటర్‌మార్క్‌ను, పరీక్షించే వీలూ లేదు. చేసినా పెద్దగా తేలేదేమీ ఉండేది కాదు, ఎందుకంటే ఆ కాగితంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం షీటు మొత్తానికి ఒక్కటే, ఒక్కో స్టాంపుకు దానిలో ఏ తునకో వస్తుంది, కొన్నింటికి అదీ రాదు. భూతద్దంతో చూసినప్పుడు రద్దు ముద్ర గీతలు చట్రం దాటి, మూల కాగితం మీదుగా కవరు పైకి తెగకుండా సాగాయి. దానితోనే నమ్మాను. మూలలు తరువాత అతికించినవైతే ముద్ర వాటి మీద ఎలా పడుతుందని నాకు నేనే వాదించుకున్నాను. అతికించిన జిగురును పట్టించే అతినీలలోహిత దీపం దుకాణంలో ఉంది, కానీ దాని బల్బు పోయి అప్పటికి ఏడు నెలలు. మార్పించడానికి బద్ధకించాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మన వేలం పద్ధతి మీకు తెలిసినదే: రెండో పాటకు ఒక మెట్టు పైన ధర కడతాం. ప్రొద్దుటూరుకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు నలభై ఆరు వేల వరకూ పాడారు, రెండో పాట ముప్పై ఏడు వేలు కనుక ఆయనకు ముప్పై ఎనిమిది వేలకు దక్కింది. ఆయన దానిని నిపుణుల సంఘానికి పంపగా నాలుగు నెలల తరువాత సర్టిఫికెట్ వచ్చింది. స్టాంపు అసలైనదే, కానీ చట్రం వెంబడి కత్తిరించినది, నాలుగు మూలలూ అతికించినవి, మూలల మీది ముద్ర గీతలు కలంతో గీసినవి. స్టాంపు మీది సిరా కాగితపు పోగుల్లోకి ఇంకితే, మూలల మీది సిరా పైపైన నిలిచి ఉందట. దీపం కింద జిగురు ఎనిమిది కోణాల వెంబడీ గీత గీసినట్టు మెరిసిందట. ఆ కాగితం నా ముందు పెట్టి ఆ పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంతో తేలికపడేవాణ్ణి.

ఆయన చెల్లించిన ముప్పై ఎనిమిది వేలూ, మా కమీషన్ మూడు వేల ఎనిమిది వందలూ, సర్టిఫికెట్‌కు అయిన ఖర్చూ ఆ రోజే తిరిగి ఇచ్చాను. దానికి ఆలోచించవలసింది ఏమీ లేదు. రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వనిది ఆ తరువాతి సంగతి.

నాకు అమ్మిన వ్యాపారికి ఫోను చేశాను. "మీ కళ్లకే కనబడనిది నాకు కనబడాలంటే ఎట్లా?" అన్నారాయన. ఆ మాట గుచ్చుకున్నది అందులో కొంత నిజం ఉన్నందుకే. వాదన ముగిశాక ఆయన ఒక దారి చూపించారు: స్టాంపును తిరిగి పంపితే ఇరవై తొమ్మిది వేలూ వెనక్కి ఇస్తానన్నారు. న్యాయంగానే వినిపించింది. అయితే దానిని ఏం చేస్తారని అడిగాను. "మీకెందుకది?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆ స్టాంపు సర్టిఫికెట్ లేకుండా, అదే కవరు ముక్కతో, మరో ఊరి దుకాణంలో, నాలాంటి మరొకరి భూతద్దం కిందికి వెళుతుంది. అక్కడి నుంచి మీలాంటి ఒకరి ఆల్బంలోకి చేరుతుంది.

మూడు వారాలు ఊగిసలాడాను. ఇరవై తొమ్మిది వేలు మా దుకాణానికి చిన్న మొత్తం కాదు. మా ఇంటావిడ లెక్క సూటిగా ఉంది: తప్పు ఆయనది, డబ్బు మనది, తీసుకోకపోవడం మొండితనం. మా అబ్బాయి, స్టాంపు పంపుతూ సర్టిఫికెట్ నకలు కూడా జత చేయమన్నాడు. జత చేసిన కాగితాన్ని చించేయడానికి అర నిమిషం చాలదా? వీళ్ల మాటల్లో తర్కం లేదని అనను. కానీ ఆ స్టాంపును నా చేతులతో పెట్టెలో పెట్టి పంపితే, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉన్నట్టే అవుతుందని అనిపించింది. పంపలేదు. ఆ డబ్బు వదులుకున్నాను, ఆ వ్యాపారితో లావాదేవీలూ వదులుకున్నాను. దీనిని మూర్ఖత్వం అనుకునేవారు అనుకోవచ్చు, మా ఇంట్లో ఇప్పటికే ఇద్దరు అనుకుంటున్నారు.

ఆయన నుంచి వచ్చి గత రెండు జాబితాల్లో అమ్ముడైన మరో రెండు లాట్లను వెనక్కి పిలుస్తున్నాను. రెండూ ఐదవ జార్జి కాలపు ఇరవై ఐదు రూపాయల స్టాంపులు. అంత పెద్ద విలువ ఉత్తరాలకు అరుదుగానే అవసరమయ్యేది, ఎక్కువగా పత్రాలకు అంటించి కలంతో కొట్టివేసేవారు. ఆ సిరాను కడిగి, తపాలా ముద్ర కొట్టి అమ్మడం పాత విద్య. ఆ రెండింటిలోనూ మోసం ఉందని నేను అనడం లేదు, బాగుంటే తిరిగి మీకే అందజేస్తాను. లేదా పూర్తి సొమ్ము.

ఇకమీద పదివేలు దాటిన ప్రతి లాట్‌ను సర్టిఫికెట్‌తోనే పెడతాను, లేదంటే కొన్నవారు తామే సర్టిఫికెట్ తెప్పించుకునే వరకు వారి సొమ్మును ముట్టుకోకుండా ఉంచుతాను. ఇందువల్లనే జాబితా సంక్రాంతికి వాయిదా పడింది. కమీషన్ పది శాతమే, పెంచను. కొన్ని వేలాల్లో రాసినట్టు 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, తరువాత బాధ్యత లేదు' అన్న వాక్యాన్ని మన జాబితాలో చేర్చమని ఇద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. చేర్చను. వర్ణన నాది అయినప్పుడు బాధ్యత కూడా నాదే. లండన్ స్టాంపుల వ్యాపార సంస్థ గిబ్బన్స్ వారు తమ క్యాటలాగులో వేసే ధర మంచి స్థితిలో ఉన్న స్టాంపును వారు అమ్మే ధర, వేలంలో పలికే ధర కాదు అని మీకు చాలాసార్లు చెప్పాను. కనుక ఇకపై అంచనా ధర పక్కన క్యాటలాగు ధర వేయను, ఆ అంకె చూసి ఆశపడి ఎక్కువ పాడేవారిని చూస్తున్నాను.

పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో 'కడప్పా' ముద్ర ఉన్న కవర్ల కోసం ఎదురుచూస్తున్న రాజంపేట, జమ్మలమడుగు మిత్రులకు ఒక మాట. అవి మా వద్ద ఉన్నాయి, అన్నీ పాత కుటుంబాల నుంచి నేరుగా కొన్నవి, ఆ వ్యాపారి చేయి పడినవి కావు. అయినా సంక్రాంతి వరకు ఆగండి, వాటిని కూడా మరోసారి చూస్తాను.

లాట్ 112 ఇప్పుడు అమ్మకానికి లేదు. కవరు ముక్కపై పెన్సిలుతో 'మూలలు అతికించినవి' అని రాసి, సర్టిఫికెట్‌తో సహా గల్లాపెట్టె వెనుక గోడకు తగిలించాను. రెండో ఆదివారం సమావేశానికి వచ్చినవారు దించి చూడవచ్చు. దీపానికి బల్బు మార్పించాను.