గర్భిణులకు రక్తం పలుచబడే ఇంజెక్షన్లు, బిడ్డ ఎదుగుదలపై అపోహలు

సంపాదకులు గారికి,

నమస్కారం. రక్తం గడ్డకట్టకుండా వైద్యులు గర్భిణులకు రాసే ఇంజెక్షన్లను, మాత్రలను మన జిల్లాలో కొన్ని కుటుంబాలు ఐదో నెలలోనో ఏడో నెలలోనో ఎవరినీ అడగకుండా ఆపేస్తున్నాయి. అందుకు వారు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. స్కానింగ్‌లో బిడ్డ బరువు తక్కువగా ఉందన్నారనీ, రోజూ బొడ్డు పక్కన వేసుకునే ఆ ఇంజెక్షన్ వల్ల రక్తం పలుచనైపోయి బిడ్డకు బలం అందడం లేదనీ అంటారు. ఆరోగ్య శాఖలో గ్రామాల్లో తిరిగి పనిచేసి పదవీ విరమణ చేసిన నా దగ్గరకు ఇప్పటికీ తల్లులు, అత్తలు ఫైళ్లు పట్టుకుని వచ్చి అడిగేది ఈ మాటే. బిడ్డ మీద ప్రేమతో పుట్టిన ఈ భయం అటు తల్లికీ ఇటు బిడ్డకూ చేటు తెస్తున్నది గనుక మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

కాన్పులో రక్తస్రావం అదుపులో ఉండేందుకు శరీరం ముందుగానే సిద్ధపడుతుంది కాబట్టి గర్భం నిలిచిన నాటి నుంచే స్త్రీ రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. అదే వయసులో గర్భం లేని స్త్రీతో పోలిస్తే కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు ఏర్పడే ముప్పు నాలుగైదు రెట్లు ఉంటుంది, కాన్పు తర్వాత ఆరు వారాలూ అది ఇంకా ఎక్కువ. అయినా ఎక్కువమంది గర్భిణులకు ఈ మందుల అవసరం రాదు. ఇంతకు ముందు కాలిలో గడ్డ వచ్చినవారికి, గుండెలో లోహపు వాల్వు అమర్చినవారికి, పదేపదే గర్భం పోయి పరీక్షల్లో గడ్డలకు దారితీసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నట్లు తేలినవారికి మాత్రం మందు మానడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

గర్భిణులకు సాధారణంగా ఇచ్చే ఇంజెక్షన్ హెపారిన్ జాతికి చెందినది. మన ఊళ్లలోని మందుల దుకాణాల్లో దొరికే ఎనాక్సపారిన్ అందులో ఒకటి. దాని అణుభారం సగటున 4,500 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం). గర్భంలో తల్లినీ బిడ్డనూ కలిపే మాయ (ప్లాసెంటా) అన్నిటినీ దాటనిచ్చేది కాదు. ఆక్సిజన్, చక్కెర, చిన్న చిన్న మందుల అణువులు దాన్ని దాటి బిడ్డను చేరతాయి గానీ ఇంత పెద్ద అణువు జల్లెడలో బియ్యపు గింజలాగా తల్లి వైపే నిలిచిపోతుంది. బిడ్డ రక్తంలోకి చేరని మందు బిడ్డ ఎదుగుదలను నేరుగా ఆపలేదు. తల్లి రక్తాన్ని కూడా ఇది నీళ్లలా మార్చదు, హిమోగ్లోబిన్‌ను తగ్గించదు, బిడ్డకు అందవలసిన పోషకాలను ఆపదు. గడ్డ కట్టే ప్రక్రియలోని కొన్ని మెట్లను నెమ్మదింపజేయడమే దీని పని.

అలాంటప్పుడు ఈ ఇంజెక్షన్ తీసుకునేవారిలో కొందరికి బిడ్డ బరువు ఎందుకు తగ్గుతున్నదని అడగడం న్యాయమే. ఏ జబ్బు వల్ల ఇంజెక్షన్ అవసరమైందో చాలాసార్లు ఆ జబ్బే బిడ్డ ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది. 1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ వర్ణించిన యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌నే తీసుకుందాం. ఇందులో శరీరం తయారుచేసే యాంటీబాడీలు మాయ సరిగా నాటుకోకుండా అడ్డుపడతాయి, అందులోని సన్నని రక్తనాళాల్లో గడ్డలకు కారణమవుతాయి. మాయకు రక్తం తగ్గితే బిడ్డ చిన్నదవుతుంది, ఉమ్మనీరు తగ్గుతుంది, తల్లికి బీపీ పెరుగుతుంది. ఇలాంటి తల్లులకు హెపారిన్, ఆస్పిరిన్ కలిపి ఇవ్వడం గురించి 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, రెండూ తీసుకున్నవారిలో 71 శాతం మందికి, ఆస్పిరిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 42 శాతం మందికి బిడ్డలు సజీవంగా పుట్టారు. కాబట్టి బిడ్డ బరువు తగ్గిందన్న వార్త వినగానే ఇంజెక్షన్ ఆపడమంటే, దెబ్బతింటున్న మాయకు ఉన్న ఆ కొద్ది రక్షణనూ తీసివేయడమే.

దీనికి మరో పక్క ఉన్నది, అది కూడా దాచకుండా చెప్పాలి. స్పష్టమైన కారణం లేకుండా, బిడ్డ బరువు పెరగడానికని, రక్తప్రసరణ బాగుపడడానికని ఈ ఇంజెక్షన్లు నెలల తరబడి వేయించుకునే కుటుంబాలూ ఉన్నాయి. వంశపారంపర్యంగా రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉన్న గర్భిణులకు ఈ జాతి ఇంజెక్షన్ ఇస్తే గర్భస్రావాలు, మాయకు సంబంధించిన చిక్కులు తగ్గుతాయేమోనని పరిశీలించిన అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో వెలువడింది, ప్రయోజనం కనిపించలేదు. అదే పత్రికలో 2023లో వచ్చిన మరో అధ్యయనంలోనూ అంతే: రెండు అంతకన్నా ఎక్కువసార్లు గర్భం పోయి, ఇలాంటి వంశపారంపర్య లోపం ఉన్న స్త్రీలకు ఇంజెక్షన్ ఇచ్చినా సజీవంగా పుట్టిన బిడ్డల సంఖ్య పెరగలేదు. కూలి డబ్బులతో రోజుకో ఇంజెక్షన్ కొనే ఇంటివారికి, ఇది ఎందుకు రాస్తున్నారని అడిగే హక్కు ఉంది, దానికి తెలిసే భాషలో జవాబు చెప్పవలసిన బాధ్యత రాసినవారికి ఉంది. యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష ఒక్కసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారించుకోవాలి. ఈ సంగతి చాలా ఇళ్లకు తెలియదు.

మాత్రల సంగతి వేరు. చిన్నతనంలో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడి, పెళ్లికి ముందో తర్వాతో లోహపు వాల్వు వేయించుకున్న ఆడపిల్లలు మన పల్లెల్లోనూ ఉన్నారు. రక్తం గడ్డకట్టకుండా వారు రోజూ వేసుకునే వార్ఫరిన్ గానీ అసెనోకౌమరాల్ గానీ మాయను దాటి బిడ్డను చేరుతుంది. ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య బిడ్డ ముక్కు, ఎముకల నిర్మాణం దెబ్బతినే అవకాశం ఉంటుంది, ఆ తర్వాతి నెలల్లో బిడ్డలో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంటుంది. వార్ఫరిన్ మోతాదు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటిన కొద్దీ ఈ ముప్పు ఎక్కువ. అలాగని ఆ మాత్రను ఇంట్లోనే ఆపేస్తే వాల్వు మీద గడ్డ కట్టి తల్లి ప్రాణమే పోవచ్చు. గుండె వైద్యులు, స్త్రీల వైద్యులు కలిసి కూర్చుని, మొదటి మూడు నెలలు హెపారిన్‌కు మార్చాలా, తక్కువ మోతాదు మాత్రనే కొనసాగించాలా అన్నది ఆ తల్లిని బట్టి నిర్ణయిస్తారు. ఈ సంభాషణ గర్భం రాకముందే జరగాలి. అలా జరగకపోతే కనీసం నెల తప్పిన వెంటనే, ఆరో వారం నిండకముందే, వైద్యుల దగ్గరకు వెళ్లాలి. మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆచారం ఇటువంటి తల్లుల విషయంలో ఎంతమాత్రం పనికిరాదు. ఇప్పుడు వాడుకలో ఉన్న రివరోక్సాబాన్, అపిక్సాబాన్ వంటి కొత్త మాత్రలను గర్భంలో వాడవద్దన్నది వైద్యుల సూచన.

తక్కువ మోతాదు ఆస్పిరిన్ గురించి కూడా ఇలాంటి గందరగోళమే ఉంది. రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాముల మాత్రను బీపీ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు పన్నెండో వారం దాటాక, పదహారో వారం లోపే మొదలుపెడతారు. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం వరకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో, నెలలు నిండకముందే కాన్పు చేయవలసి వచ్చే తీవ్రమైన బీపీ జబ్బు 62 శాతం తగ్గింది. మాయను కాపాడే ఈ చిన్న మాత్రను, గర్భిణులు నొప్పి మాత్రలు మింగకూడదన్న మాట విని ఆపేసేవారున్నారు. నొప్పులకని పెద్ద మోతాదులో మాత్రలు మింగకూడదన్నది నిజమే, వైద్యులు రాసిన ఈ చిన్న మోతాదుకు అది వర్తించదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక విషయం ఇక్కడ చెప్పి తీరాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తరించి ఉందో పాఠకులకు తెలుసు. ఎనాక్సపారిన్ శరీరం నుంచి బయటకు పోయేది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే. అవి దెబ్బతిన్న తల్లిలో అదే మోతాదు పేరుకుపోయి రక్తస్రావానికి దారి తీయవచ్చు. అందువల్ల ఉద్దానం ప్రాంతపు గర్భిణికి ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు, మధ్యలోనూ, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష తప్పక చేయాలని, అవసరమైతే మోతాదు తగ్గించాలని లేదా పాత రకం హెపారిన్‌కు మార్చాలని నా విన్నపం. పైగా మూత్రపిండాల జబ్బు ఉంటే బీపీ పెరిగి బిడ్డ ఎదుగుదల తగ్గడం కూడా ఎక్కువే కనుక, అటువంటి తల్లిలో బిడ్డ చిన్నదిగా ఉంటే నిందను ఇంజెక్షన్ మీద వేసి ఊరుకుంటే అసలు జబ్బు కంటికి కనిపించకుండా పోతుంది. సీతంపేట ఏజెన్సీలోని సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్న తల్లుల విషయంలోనూ గడ్డలు కట్టే ముప్పు, బిడ్డ బరువు తగ్గే ముప్పు రెండూ ఉంటాయి.

బిడ్డ నిజంగా ఎదుగుతున్నదో లేదో తెలుసుకోవడం ఒక్క స్కానింగ్‌తో తేలే పని కాదు. నెలల లెక్కే తప్పితే బరువు లెక్కా తప్పుతుంది. బహిష్టు ఎప్పుడు ఆగిందంటే సంక్రాంతికి ముందనో, పైడితల్లమ్మ సిరిమాను అయ్యాకనో చెప్పే చోట, మొదటి మూడు నెలల్లో చేసిన స్కానింగ్ కాగితం ఎంతో విలువైనది. 24వ వారం దాటాక, గర్భసంచి ఎత్తును టేపుతో కొలిస్తే సెంటీమీటర్లలో వచ్చే అంకె ఇంచుమించు వారాల అంకెకు సరిపోతుంది, రెండు మూడు సెంటీమీటర్లు తగ్గితే పెద్దాసుపత్రికి పంపాలి. ఏ ఏఎన్ఎం అయినా చేయగల ఈ కొలతను ప్రతిసారీ కార్డులో రాస్తే చాలా అనుమానాలు తీరతాయి. స్కానింగ్‌లో ఆ వయసు బిడ్డల్లో నూటికి తొంభై మంది కన్నా తక్కువ బరువు వస్తే ఎదుగుదల మీద నిఘా పెడతారు, డాప్లర్ పరీక్షలో బొడ్డుతాడులో రక్తప్రసరణ చూస్తారు, కనీసం రెండు వారాల తర్వాత మళ్లీ బరువు లెక్కిస్తారు. తల్లిదండ్రులు పొట్టిగా సన్నగా ఉన్నందువల్లనే చిన్నగా ఉన్న బిడ్డలూ ఉంటారు, డాప్లర్ బాగుండి క్రమంగా పెరుగుతున్న ఆ బిడ్డల గురించి కంగారు పడనక్కరలేదు. బిడ్డ కదలికలు తగ్గితే మాత్రం మర్నాటి దాకా ఆగకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం పుట్టింటికి వచ్చినప్పుడు జరుగుతున్నది. విశాఖలోనో హైదరాబాదులోనో, భర్త పనిచేసే మరో ఊళ్లోనో వైద్యం చేయించుకున్న ఆడపిల్ల ఏడో నెలలో శ్రీకాకుళం జిల్లాకు, విజయనగరం జిల్లాకు వస్తుంది. ఫైలు సగం అక్కడే ఉండిపోతుంది, ఇంజెక్షన్ ఎందుకు మొదలుపెట్టారో ఇక్కడి వైద్యులకు తెలియదు, కొత్త ఊరిలో కొనేవారు లేక నాలుగు రోజులు ఆగితే ఇక ఆగిపోతుంది. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) మీదే మూడు విషయాలు రాయాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను: మందు పేరు మోతాదు, అది ఏ కారణానికి ఇస్తున్నారు, చివరి మోతాదు ఎప్పుడు వేశారు. మూడోది కాన్పు గదిలో అత్యవసరం. గడ్డ రాకుండా ఇచ్చే నివారణ మోతాదు వేసిన 12 గంటలు, వచ్చిన గడ్డకు ఇచ్చే చికిత్స మోతాదు వేసిన 24 గంటలు గడవకుండా వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వకూడదు. నొప్పులు మొదలైనప్పుడు ఇంజెక్షన్ వేసుకోకుండా ఆగి, ఆసుపత్రికి వెళ్లగానే చివరి ఇంజెక్షన్ ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పాలని ప్రతి గర్భిణికీ నేర్పాలి.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షల్లో ఈ మందులు వాడుతున్న గర్భిణుల జాబితాను విడిగా చూడాలని, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న ఎనాక్సపారిన్ ఏరియా ఆసుపత్రుల్లో కొరత లేకుండా ఉండాలని కూడా నా కోరిక. శ్రీకాకుళం రిమ్స్, విజయనగరం ఘోషాసుపత్రి వంటి చోట్ల పనిచేసే స్త్రీల వైద్యులతో ఈ విషయం మీద మీ పత్రిక ఆరోగ్య పేజీలో ప్రశ్నలు జవాబులు వేస్తే, ఇంట్లో నిర్ణయం తీసుకునే అత్తలు, భర్తలు కూడా చదువుతారు.

కాన్పు కాగానే మందు పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. గడ్డల ముప్పు అతి ఎక్కువగా ఉండే ఆరు వారాలు అప్పుడే మొదలవుతాయి. హెపారిన్ గానీ వార్ఫరిన్ గానీ వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చు. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు తగ్గించి, రోజుల తరబడి మంచం దిగనివ్వకుండా ఉంచే అలవాటు వల్ల గడ్డల ముప్పు పెరుగుతుంది. దాహానికి తగినన్ని నీళ్లు ఇవ్వాలి, గదిలో నాలుగడుగులు నడవనివ్వాలి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి వచ్చినా, అది పురిటి నీరసమని సర్దిచెప్పుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.