అమ్మకు, లీడ్స్ నుంచి

లీడ్స్,
నవంబరు 16.

అమ్మకు నమస్కారాలు.

నిన్న ఫోనులో మాట్లాడుతుంటే ఇద్దరికీ గొంతు పూడుకుపోయింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను; నిదానంగా చదివి నాన్నగారికి కూడా వినిపించు. ఉద్యోగం బాగానే సాగుతోంది.

నాకు వచ్చింది కేన్సర్ కాదు. ఇక్కడ ఇంగ్లండులో 25 ఏళ్లు నిండిన ఆడవాళ్లను పిలిచి గర్భసంచి ముఖద్వారానికి పరీక్ష చేస్తారు. అందులో నాకు హెచ్‌పీవీ అనే వైరస్, దానితోపాటు మారిన కణాలు కనిపించాయి. కాగితం మీద 'అసాధారణం' అన్న ఒక్క మాట చూసి నేనూ వంటింట్లో కూలబడ్డాను. తర్వాత కాల్పోస్కోపీలో, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షలో, వెనిగర్ వంటి ద్రావణం పూసి, తెల్లబడిన చోటు నుంచి చిన్న ముక్క తీసి పంపితే, సీఐఎన్-2 అని తేలింది. అంటే పైపొరలో మూడింట రెండు వంతుల మందం వరకు కణాలు మారాయి గాని, పొర దాటి లోపలికి పోలేదు. వదిలేస్తే కేన్సర్‌గా మారవచ్చు, అయితే దానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. సుమారు సగంమందికి రెండేళ్లలో దానంతట అదే సర్దుకుంటుంది.

డాక్టరుగారు రెండు దారులు చెప్పారు. ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి, కరెంటుతో వేడెక్కే తీగతో చెడిన పొరను తీసేయడం ఒకటి. అదే రోజు ఇంటికి రావచ్చు, కాని లోతుగా తీయవలసి వస్తే తర్వాత నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఆగడం రెండోది. మాకింకా పిల్లలు లేరు కనుక రెండోదే ఎంచుకున్నాను. ముదిరితే వెంటనే తీయించుకుంటాను. భయపడి వాయిదా వేస్తున్నానని పిన్ని అన్నదట. తేదీ రాసి ఇచ్చిన పరీక్షను వాయిదా అనరు.

గర్భసంచి తీయించేస్తే పీడ పోతుందని మాత్రం మళ్లీ అనకమ్మా. తెల్లబట్ట అవుతోందని ముప్పై అయిదు నిండకుండానే తీయించుకున్నవాళ్లు మన కాలువగట్టు వీధిలోనే ఇద్దరున్నారు, వాళ్ల అవస్థ నువ్వే నాకు చెప్పావు.

ఇది ఎవరి వల్ల వచ్చిందని అడగబోయి నువ్వు ఆగిపోయావు. కాపురం చేసే వాళ్లలో ఇది చాలా మామూలు వైరస్, ఏళ్ల తరబడి సద్దు లేకుండా ఒంట్లో ఉండగలదు; అందుకని మీ అల్లుడితో ఎప్పటిలాగే మాట్లాడు.

వదినకు ముప్పై దాటాయి కదా, ఇద్దరూ అమలాపురం పెద్దాసుపత్రిలో అడగండి. మన దగ్గర 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు ఆ వెనిగర్ పరీక్షే చేస్తారు.

నా పరీక్ష మే నెలలో. అంతర్వేది స్వామికి మొక్కుకున్నావని తమ్ముడు చెప్పాడు. మొక్కు తీర్చుకో గాని, షుగరు పెట్టుకుని ఉపవాసాలుండకు.

నీ చిన్నమ్మాయి